చిగురు రెండు మిల్లీమీటర్లు తగ్గితే ఏం రాయాలి, దేనికి డబ్బు తీసుకోవాలి? తోటి దంతవైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్లినిక్‌లు నడుపుతున్న తోటి దంతవైద్యులకు, ఇండియన్ డెంటల్ అసోసియేషన్ రెండు రాష్ట్రాల శాఖల బాధ్యులకు,

నమస్కారం.

నేను పెరియోడాంటిక్స్‌లో, అంటే చిగుళ్ల వైద్యంలో, ఎండీఎస్ చేసి గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల క్లినిక్‌లకు కన్సల్టెంటుగా వెళ్తుంటాను. వెళ్లినచోట పేషెంటు కంటే ముందు కేస్ షీటు నా చేతికి వస్తుంది. అందులో చిగుళ్ల గురించి చాలాసార్లు అసలేమీ ఉండదు. ఉంటే ‘రిసెషన్ ఉంది, ఫ్లాప్ అడ్వైజ్‌డ్’ అన్న ఒక్క ముక్క ఉంటుంది, అంటే చిగురు తగ్గింది, చిగురు విప్పి శుభ్రం చేసే ఆపరేషన్ కావాలి అని. ఏ పన్ను, ఏ వైపు, ఎన్ని మిల్లీమీటర్లు, పాకెట్ (పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు) ఎంత, ప్రోబ్ (ఆ లోతు కొలిచే సన్నని పరికరం) పెడితే రక్తం వచ్చిందా లేదా, ఇవేవీ కనిపించవు. ఆ కాగితాన్ని బట్టి ఫ్లాప్ ఎందుకో పేషెంటుకు అర్థం కాదు, నాకూ అర్థం కాదు. రాసిన డాక్టరు ఆరు నెలల తర్వాత చూసుకుంటే ఆయనకూ అర్థం కాదు.

నేను మాట్లాడదలచుకున్నది ముదిరిపోయిన పయోరియా గురించి కాదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు, పెద్ద నొప్పి లేకుండా, ఒకటో రెండో పళ్ల దగ్గర తగ్గిన చిగురు గురించి. మన క్లినిక్‌లకు వచ్చే పెద్దవాళ్లలో ఇది లేని నోరు తక్కువ. ఇంత సాధారణమైనది కాబట్టే దీన్ని ఒకచోట లెక్కలోకి తీసుకోవడం లేదు, ఇంకోచోట భయపెట్టడానికి వాడుకుంటున్నారు. కొలత రాసే అలవాటు పోవడం, పరీక్షకు ఫీజు తీసుకోవడం మానేయడం, ఈ రెండింటి వల్లే ఇలా జరుగుతోందని నా నమ్మకం.

ముందు కొలత సంగతి. ఒక స్కూల్ టీచరుగారి కేసు చెబుతాను. ఆవిడకు వేరేచోట నోరంతా ఫ్లాప్ సర్జరీ చేయాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. “ఆపరేషన్ చేయించుకోకపోతే పళ్లన్నీ ఊడిపోతాయన్నారండీ, నిజమేనా?” అని అడిగారు. కుర్చీలో కూర్చోబెట్టి పైదవడ ఎడమవైపు కోరపన్ను దగ్గర దూదితో తడి తుడిచి, కొద్దిగా గాలి కొట్టి చూశాను. ఎనామెల్ మెరుపు ఆగిపోయి, పసుపు తిరిగిన వేరు మొదలయ్యే గీత కనిపించింది. మనం సీఈజే అనేది అదే. ఆ గీత దగ్గర్నుంచి చిగురు అంచు దాకా యూఎన్‌సీ-15 ప్రోబ్ ఆనించి చదివితే 2 మిల్లీమీటర్లు. అదేచోట ప్రోబ్ లోపలికి పెడితే 1 మిల్లీమీటరు. రక్తం రాలేదు. పళ్ల మధ్య సందుల్లో రెండు వైపులా ప్రోబ్ పెట్టి చూశాను, అక్కడ చిగురు ఉండాల్సినచోటే ఉంది. ఎక్స్‌రేలో ఎముక అంచు బాగుంది. పక్కనున్న రెండు చిన్న దవడపళ్లదీ ఇదే కథ. కుడివైపు అంతగా లేదు. ఆవిడ కుడిచేతివాటం. బ్రష్ అడ్డంగా, గట్టిగా రుద్దుతారు, మొదలుపెట్టేది ఎడమవైపు నుంచే. బ్రష్ చూపించమంటే మర్నాడు పట్టుకొచ్చారు. పీచులన్నీ రెండువైపులకీ విరిగి పడిపోయి ఉన్నాయి.

ఆవిడ కేస్ షీటులో నేను రాసింది ఇది:

‘23, బుగ్గవైపు మధ్యలో: రిసెషన్ 2, పాకెట్ 1, అటాచ్‌మెంట్ నష్టం 3. రక్తం లేదు. పళ్ల మధ్య నష్టం లేదు, ఆర్‌టీ1. గట్టి చిగురు వెడల్పు 3, పల్చన. పంటి మెడ దగ్గర అరుగుదల ఉంది, గాలి కొడితే జివ్వుమంటోంది. 24, 25 దగ్గర రిసెషన్ 1, పాకెట్ 1. కారణం బ్రషింగ్. ఫొటో తీశాం. మెత్తటి బ్రష్, రుద్దే పద్ధతి చూపించాం, పొటాషియం నైట్రేట్ పేస్టు రాశాం. ఆరు నెలలకు మళ్లీ కొలవాలి.’

ఇంతే. 23 అంటే ఆ కోరపన్ను, 24, 25 దాని పక్కపళ్లు. అటాచ్‌మెంట్ నష్టం అంటే పంటిని పట్టుకున్న చిగురు పట్టు ఎంత పోయిందో ఆ లెక్క, ఆర్‌టీ1 అంటే పళ్ల మధ్య నష్టం లేని రకం. రాయడానికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. కానీ ఈ నాలుగు వరుసల్లో ఏ సర్జరీ ఎందుకు అక్కర్లేదో మొత్తం ఉంది. పైగా వచ్చే ఏడాది ఇంకో డాక్టరు చూసినా, ఆ 2 అలాగే ఉందా 4 అయిందా అని తేల్చుకోవచ్చు.

లెక్క మీకు తెలియనిది కాదు, బీడీఎస్ మూడో ఏడాదిలోనే నేర్చుకున్నదే. చిగురు సీఈజే దాటి వేరువైపుకు తగ్గితే రిసెషన్, పాకెట్ కలిపితే అటాచ్‌మెంట్ నష్టం. వాచి సీఈజేని కప్పేసి ఉంటే పాకెట్‌లోంచి ఆ కప్పినంత తీసేయాలి. చిక్కు తర్వాత వస్తుంది. ఆ టీచరుగారి కోరపన్ను దగ్గర అటాచ్‌మెంట్ నష్టం 3 అని రాశాను కదా, ఆ ఒక్క అంకె పట్టుకుని పెరియోడాంటైటిస్, అంటే పంటిని పట్టుకున్న ఎముక కరిగే చిగుళ్ల జబ్బు, అనేస్తే? 2017లో అమెరికా, యూరప్ పెరియోడాంటాలజీ సంఘాలు కూర్చుని తయారుచేసి 2018లో ప్రచురించిన వర్గీకరణ దీనికి సూటిగా జవాబు చెప్పింది. పక్కపక్కన లేని కనీసం రెండు పళ్ల దగ్గర, పళ్ల మధ్య సందుల్లో అటాచ్‌మెంట్ నష్టం ఉండాలి. లేదా బుగ్గవైపో నాలుకవైపో 3 మిల్లీమీటర్లు అంతకుమించిన నష్టంతో పాటు 3 మిల్లీమీటర్లకు మించిన పాకెట్ కనీసం రెండు పళ్లకు ఉండాలి. అప్పుడే పెరియోడాంటైటిస్. దెబ్బ వల్ల, రాపిడి వల్ల తగ్గిన చిగురును ఆ లెక్కలో వేయకూడదని కూడా అందులోనే ఉంది. అంటే ఆవిడకున్నది పెరియోడాంటైటిస్ కాదు. ఆ రోగం పేరు ఆవిడ కాగితం మీద రాయడానికి వీల్లేదు, ఆ పేరు మీద డబ్బు తీసుకోవడానికి అంతకన్నా వీల్లేదు.

ఇది ఇప్పటి మాటేమీ కాదు. 1992లో హరాల్డ్ లో అనే నార్వే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన అధ్యయనం మన పీజీ సీట్లలో అందరూ చదివిందే. నార్వేలో చదువుకున్న, పళ్లు శుభ్రంగా తోముకునే కుర్రాళ్లను, శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే, దంతవైద్యం అందని కూలీలను ఏళ్ల తరబడి చూశారు. నార్వేవాళ్లలో 20 ఏళ్లకే 60 శాతానికి పైగా చిగుళ్లు తగ్గాయి, 50కి దగ్గరపడేసరికి 90 శాతం దాటింది. కానీ ఆ చిన్న వయసులో తగ్గింది బుగ్గవైపే. శ్రీలంక కూలీల్లో 30 ఏళ్లకే 90 శాతానికి వచ్చింది, బుగ్గవైపు, నాలుకవైపు, పళ్ల మధ్య, అన్నివైపులా. పేరు రెండుచోట్లా రిసెషనే. ఒకటి తోమడం ఎక్కువై వచ్చింది, ఇంకోటి పాచి, గార పేరుకుని వచ్చింది. మన క్లినిక్‌లో ఈ రెండు రకాల మనుషులూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు. ఏ వైపు, ఎక్కడ అన్నది రాయకపోతే ఎవరు ఏ రకమో కాగితం చెప్పలేదు.

అందుకే రెండో తప్పు గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. కొందరు మంచి డాక్టర్లు, పేషెంటును భయపెట్టకూడదన్న సదుద్దేశంతోనే, “ఏం లేదండీ, బ్రష్ గట్టిగా రుద్దుతున్నారు, అంతే” అని పంపేస్తారు. ఆ పేషెంటుకు పదేళ్లుగా షుగరు. కింది ముందుపళ్ల మధ్య సందుల్లో చిగురు 2 మిల్లీమీటర్లు తగ్గింది, ప్రోబ్ తగిలితే రక్తం. అది బ్రష్ పని కాదు, పెరియోడాంటైటిస్, అదీ కనీసం రెండో మెట్టు (స్టేజి). సిగరెట్, చుట్ట తాగేవాళ్లలో అయితే రక్తం కూడా పెద్దగా రాదు, పొగాకు ఆ సూచనను అణిచేస్తుంది. ఖైనీ, గుట్కా దవడలో ఒకేచోట పెట్టుకునేవాళ్లకు సరిగ్గా ఆ చోటే చిగురు తగ్గి ఉంటుంది. అక్కడ చిగురుతో పాటు ఆ పక్కనున్న తెల్లమచ్చను కూడా చూడాలి, రాయాలి. తేలికపాటి రిసెషన్ అని తీసిపారేసిన చోట ఇవన్నీ జారిపోతున్నాయి.

ఇంకో చిన్న విషయం, కానీ నాకు ముఖ్యం. చాలామంది సర్వేల్లో వాడే సీపీఐటీఎన్ ప్రోబ్ ఒక్కటే ట్రేలో పెట్టుకుని దాని కోడ్ రాసి వదిలేస్తారు. ఆ కోడ్‌కి పాకెట్, గార, రక్తం కావాలి, రిసెషన్ అక్కర్లేదు. చిగురు 3 మిల్లీమీటర్లు తగ్గి, పాకెట్ 1 మాత్రమే ఉండి, రక్తం, గార లేకపోతే ఆ కోడ్ సున్నా. కేస్ షీటు ప్రకారం ఆ చిగురు ఆరోగ్యంగా ఉన్నట్టు. మిల్లీమీటరు గీతలున్న ప్రోబ్ ఒకటి కొనండి. అదేం ఖరీదైన పరికరం కాదు.

మన ఊళ్లలో ఉన్న ఒక పాత నమ్మకానికి కూడా మన రాయనితనమే ఎరువు వేస్తోంది. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులొస్తాయి’ అని. ప్రతి వారం ఎవరో ఒకరు అంటారు. నిజానికి జరిగేదేమిటి? ఏళ్ల తరబడి గార పళ్ల సందుల్ని సిమెంటులా పూడ్చేసి ఉంటుంది, చిగురు వాచి పైకి ఉబికి ఉంటుంది. గార తీసేస్తాం, వాపు తగ్గుతుంది, చిగురు తన అసలు చోటుకు పోతుంది. అప్పటిదాకా దాక్కున్న నష్టం బయటపడుతుంది. వేరు బయటపడి చన్నీళ్లు తగిలితే జివ్వుమంటుంది. పేషెంటు ఇంటికెళ్లి ‘ఆ డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించాకే పళ్లు పొడుగయ్యాయి’ అంటాడు. అతని కళ్లకు కనిపించింది అదే కాబట్టి అతన్ని అనడానికి లేదు. స్కేలింగ్‌కు ముందే కొలిచి, ఒక ఫొటో తీసి, “చూడండి, ఎముక ఇప్పటికే ఇంత తగ్గింది, వాపు తగ్గాక ఇది బయటికి కనిపిస్తుంది” అని చూపించి, అది కేస్ షీటులో రాసి ఉంటే ఆ మాట పుట్టదు. స్కేలింగ్ అయ్యాక చెబితే అది సంజాయిషీలాగే వినిపిస్తుంది, ఎంత నిజమైనా.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని మనం మనలో మనం కూడా సరిగ్గా మాట్లాడుకోం.

ఏ ఊళ్లో చూసినా బోర్డు మీద ‘ఉచిత దంత పరీక్ష’ అని ఉంటుంది. లేదా 200, 300 రూపాయల కన్సల్టేషన్, చికిత్స చేయించుకుంటే అది కూడా బిల్లులో తగ్గిస్తారు. అంటే చూసినందుకు, ఆలోచించినందుకు, కొలిచినందుకు, రాసినందుకు మనకు వచ్చేది సున్నా. 28 పళ్లకు ఆరేసి చోట్ల కొలిస్తే 168 కొలతలు. అది చేయడానికి, రాయడానికి అసిస్టెంట్ ఉన్నా పావుగంటకు పైనే పడుతుంది. అద్దె, కరెంటు, జీతాలు, ఈఎంఐలు నెత్తిమీదున్న డాక్టరు ఆ పావుగంట ఉచితంగా ఎలా ఇస్తాడు? ఇవ్వడు, అందుకే కొలతలు లేవు. అదే డాక్టరు స్కేలింగ్ చేస్తే డబ్బు, లేజర్ పెడితే ఇంకా డబ్బు, ఫ్లాప్ చేస్తే బాగా డబ్బు. ‘ఇప్పుడేం చేయక్కర్లేదు, ఆరు నెలలకు రండి’ అని చెబితే మాత్రం ఏమీ రాదు. నిజం చెప్పిన డాక్టరు నష్టపోయే పద్ధతిని మనమే కట్టుకున్నాం.

జూనియర్ల పరిస్థితి ఇంకా కష్టం. పెద్ద క్లినిక్‌లలో పర్సెంటేజీ మీద పనిచేసే పిల్లలు నాకు ఫోన్ చేస్తారు. “మేడమ్, రిసెషన్ కనిపిస్తే గమ్ ట్రీట్‌మెంట్ ప్యాకేజీ చెప్పమంటున్నారు, చెప్పకపోతే నా నెల టార్గెట్ రాదు” అని ఒక అమ్మాయి ఏడ్చింది. ఆ అమ్మాయికి చదువు రాక కాదు. చదువుకు డబ్బు రాని చోట కూర్చోబెట్టారు. ఆమెకు ఎథిక్స్ క్లాసు చెప్పి ప్రయోజనం లేదు. చార్టింగ్‌కి (కొలతలు రాయడానికి) కూడా పర్సెంటేజీ ఇవ్వండి, చూడండి ఎంత బాగా రాస్తుందో.

కాబట్టి నా విన్నపం ఇది: పరీక్షకు ఫీజు పెట్టండి. సిగ్గుపడకుండా, తగ్గింపులు లేకుండా, బోర్డు మీద రాసి తీసుకోండి. ‘చిగుళ్ల పరీక్ష, పూర్తి కొలతలతో, రాతపూర్వకంగా’ అని విడిగా ఒక ధర. దాని కాపీ పేషెంటు చేతికి ఇవ్వండి. మొదట్లో కొందరు ఎదురు వీధిలోని ఉచిత బోర్డు దగ్గరకు వెళ్తారు. వెళ్లనివ్వండి. రక్తపరీక్షకు ల్యాబ్‌లో డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకునే మనుషులే వీళ్లు, చేతికి ఒక కాగితం వస్తే దేనికి కట్టామో అర్థం చేసుకుంటారు.

ఇక బిల్లులో ఏముండొచ్చు, ఏముండకూడదు? తేలికపాటి రిసెషన్ ఒక్కటే ఉండి, పాకెట్లు 3 లోపు ఉండి, పళ్ల మధ్య నష్టం లేని మనిషికి రూట్ ప్లేనింగ్ (చిగురు లోపల వేరును గీకి నునుపు చేయడం) చేయకూడదు. ఫ్లాప్ అసలు కూడదు. ఇది డబ్బు నీతి కంటే ముందు వైద్యం. 1982లోనే లిండే బృందం లెక్కగట్టి చూపింది: పాకెట్ సుమారు 2.9 మిల్లీమీటర్ల లోపు ఉన్నచోట రూట్ ప్లేనింగ్ చేస్తే, 4.2 లోపు ఉన్నచోట ఫ్లాప్ చేస్తే, లాభం బదులు అటాచ్‌మెంట్ ఇంకా పోతుంది. చిగురు తగ్గిందని భయపడి వచ్చిన మనిషికి, చిగురు ఇంకా తగ్గించే పని చేసి, దానికి డబ్బు తీసుకోవడం. దీనికి నేను మెత్తని మాట వెతకలేను.

గార ఉంటే స్కేలింగ్ చేయండి, స్కేలింగ్ అనే రాయండి. దాన్ని ‘డీప్ క్లీనింగ్’ అని పేరు మార్చకండి. జివ్వుమంటుంటే డీసెన్సిటైజింగ్ ఏజెంట్ రాయండి, పూయండి, ఏ పళ్లకు పూశారో బిల్లులో వేయండి. పంటి మెడ దగ్గర గుంట పడితే జీఐసీయో కాంపోజిట్టో పెట్టొచ్చు, కానీ పెట్టే ముందు సీఈజే ఎక్కడుందో రాసి ఫొటో తీయండి. ఫిల్లింగ్ ఆ గీతను కప్పేశాక తర్వాత ఎవరూ రిసెషన్ కొలవలేరు. రేపు గ్రాఫ్ట్ (చిగురు అతుకు) చేయాల్సివస్తే చిగురును ఎక్కడిదాకా తేవాలో తేల్చుకోవడం కష్టం. ‘గమ్ ట్రీట్‌మెంట్ - 1’, ‘లేజర్ గమ్ థెరపీ - ఫుల్ మౌత్’ అనే పద్దులు మాత్రం తీసేయండి. ఏ పన్నుకు, ఏ కారణానికి, ఏం చేశారో చెప్పలేని పద్దు బిల్లులో ఉండకూడదు. బిల్లునీ కేస్ షీటునీ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి సరిపోవాలి.

గ్రాఫ్ట్ గురించి నన్ను అపార్థం చేసుకోవద్దు. అది నా పని, ఇష్టంగా చేసే పని. అంగిలి నుంచి కనెక్టివ్ టిష్యూ తీసి, చిగురును జరిపి కప్పి కుడితే, ఆర్‌టీ1 రకంలో వేరు పూర్తిగా కప్పడం సాధ్యమే. పళ్ల మధ్య కూడా నష్టం ఉన్న ఆర్‌టీ2లో పూర్తిగా కప్పగలమన్న భరోసా తగ్గుతుంది, ఆ మధ్య నష్టమే ఎక్కువైన ఆర్‌టీ3లో ఆశపెట్టకూడదు. 2011లో ఇటలీ పెరియోడాంటిస్ట్ కైరో బృందం ఇచ్చిన ఈ వర్గీకరణ రాస్తే పేషెంటుకు ముందే నిజం చెప్పొచ్చు. నవ్వితే పొడుగు పన్ను కనిపిస్తోందని బాధపడే అమ్మాయికి 2 మిల్లీమీటర్లయినా గ్రాఫ్ట్ చేయొచ్చు. క్లిప్పులు పెట్టబోతూ, పన్ను ఎముక బయటికి జరగబోతూ, చిగురు పల్చగా ఉంటే ముందే చేయడం మంచిది కావచ్చు. జివ్వు తగ్గకపోతే చేయొచ్చు. కొలతలు పెరుగుతున్నాయని తేలితే తప్పక ఆలోచించాలి. ఏదైనా సరే, ఎందుకు చేస్తున్నామో కేస్ షీటులో ఉండాలి. అందం కోసమైతే అందం కోసమనే రాయండి. అది కోరుకోవడం పేషెంటు హక్కు, దానికి లేని రోగం తగిలించక్కర్లేదు.

ఒక విషయంలో నేను నెమ్మదిగా ఉండమనడం లేదు. చికిత్స చేయకుండా వదిలిన రిసెషన్, నోరు శుభ్రంగా ఉన్నవాళ్లలో కూడా, ఏళ్ల మీద పెరిగే అవకాశమే ఎక్కువని దీర్ఘకాలం గమనించిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ‘గమనిద్దాం’ అని చెప్పి వదిలేయడం గమనించడం కాదు. అదే రకం ప్రోబ్‌తో, అదేచోట, వీలైతే అదే చెయ్యి, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ కొలిచి పక్కన రాయాలి. ఒక మిల్లీమీటరు తేడా వస్తే కంగారుపడొద్దు, చేతి కొలతలో అంత తేడా మామూలే. రెండు వస్తే నిజంగా పెరిగినట్టే అనుకోండి. ఫొటో ఉంటే సందేహం తీరుతుంది. ఈ మళ్లీ కొలవడానికి కూడా ఫీజు ఉండాలి, అదీ పనే.

పేషెంట్ల వైపు నుంచి వచ్చే ఒత్తిడి గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. మన దేశంలో మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు క్లినిక్‌లో చేసే పంటి వైద్యానికి డబ్బివ్వవు, ప్రమాదంలో దెబ్బ తగిలితేనో, ఓపీడీ కవర్ విడిగా ఉంటేనో తప్ప. ప్రభుత్వోద్యోగులకు రీయింబర్స్‌మెంట్లు, కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ ఉన్నాయి. వాటి జాబితాలో ఉన్న చికిత్సలకే డబ్బు. అందుకని, “డాక్టరుగారూ, గ్రాఫ్ట్ అని రాస్తే రాదటండీ, ఫ్లాప్ అని రాసివ్వండి”, “పోయిన నెల తేదీ వేయండి” అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు, కష్టపడి సంపాదించుకున్న డబ్బు కోసం అడుగుతున్నారు. మర్యాదగానే, కానీ గట్టిగా కాదనాలి. ఒకసారి చేయని సర్జరీ పేరు ఆ నోటి చరిత్రలోకి ఎక్కితే, తర్వాతి డాక్టరు దాన్ని నమ్మి చికిత్స చేస్తాడు. డబ్బు తేడా కంటే నాకు ఇదే భయం.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ప్రాక్టీసు చేస్తున్నారు. హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని అక్కడి డెంటల్ క్లెయిములు చూసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను అడగండి. అక్కడ రోగానికి ఒక నంబరు, చికిత్సకు వేరే నంబరు. ఐసీడీ-10-సీఎంలో ‘ఒకచోట, అతి స్వల్పంగా తగ్గిన చిగురు’కు విడిగా కె06.011 అన్న నంబరే ఉంది. మధ్యరకానికి ఇంకోటి, తీవ్రానికి ఇంకోటి. ఆ నంబరు రాసినంత మాత్రాన ఏ చికిత్సా చేసి తీరాలని లేదు. రూట్ ప్లేనింగ్‌కి డీ4341 అని క్లెయిమ్ పెడితే చార్టింగ్ ఏది, ఎముక తగ్గినట్టు ఎక్స్‌రే ఏది అని ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. అక్కడంతా సవ్యంగా ఉందని నేననను, కంపెనీకి నచ్చేలా రాసే జబ్బు అక్కడా ఉంది. కానీ రోగం పేరును, చేసిన పనిని విడివిడిగా రాయడం అనే ఆ ఒక్క అలవాటు మనం తెచ్చుకోవచ్చు. మన దగ్గర అడిగే కంపెనీ లేదు. అడగాల్సింది పేషెంటు, అతనికి ఏం అడగాలో తెలియదు. అందుకే మనం అడగకుండానే ఇవ్వాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వీపీ శాంతా కేసులో తేల్చేసింది. డెంటల్ కౌన్సిల్ 2014 నీతి నియమావళి రికార్డులు కనీసం మూడేళ్లు దాచమంటోంది. వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాల్సివస్తే ‘రిసెషన్ ఉంది’ అన్న రెండు మాటలు మిమ్మల్ని కాపాడలేవు. తేదీ వేసిన కొలత కాపాడుతుంది.

ఐడీఏ శాఖల బాధ్యులకు ప్రత్యేకంగా: మీరు ఏటా సీడీఈ కార్యక్రమాలు (డాక్టర్లకు శిక్షణ తరగతులు) పెడతారు. ఇంప్లాంట్లు, అలైనర్లు, లేజర్లు, అన్నీ ఉంటాయి, ఉండాలి కూడా. వాటి మధ్య ఒక పూట చిగుళ్ల కొలతకు ఇవ్వండి. ఉపన్యాసం వద్దు, కుర్చీ పక్కన చేయించండి. ఇద్దరు డాక్టర్లు ఒకే నోరు విడివిడిగా కొలిచి, తేడాలు పోల్చుకునేలా పెట్టండి. తెలుగులో ఒక్క పేజీ నమూనా చార్టు తయారుచేసి అన్ని క్లినిక్‌లకూ పంపండి. పన్ను నంబరు, వైపు, రిసెషన్, పాకెట్, రక్తం, పళ్ల మధ్య నష్టం ఉందా, ఆర్‌టీ రకం, అనుమానిస్తున్న కారణం, ఏం చేశాం, మళ్లీ ఎప్పుడు. అడుగున పేషెంటు సంతకం, అతని కాపీ మీద అతనికి అర్థమయ్యే తెలుగులో రెండు వాక్యాలు. ఉచిత పరీక్షల బోర్డుల విషయంలో సభ్యులందరూ కలిసి ఒక నిర్ణయానికి రావడానికి జిల్లా శాఖల స్థాయిలో చర్చ పెట్టండి. ఒక్క డాక్టరు ఒంటరిగా బోర్డు తీసేస్తే నష్టపోతాడు, ఊళ్లో అందరూ కలిసి తీస్తే ఎవరూ నష్టపోరు. స్కూళ్లలో పెట్టే ఉచిత శిబిరాలు వేరు, వాటి గురించి నేనేమీ అనడం లేదు.

నమూనా చార్టు తయారుచేయడానికి ఎవరికి సాయం కావాలన్నా నేను సిద్ధం. నేను వాడుతున్న పేజీ ఇస్తాను, మీ క్లినిక్‌కి తగ్గట్టు మార్చుకోండి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ శాఖ పిలిచినా ప్రోబులు, పంటి మోడళ్లు పట్టుకుని ఒక ఆదివారం వస్తాను.

ఇట్లు,
గుంటూరు ప్రాంతపు ఒక పెరియోడాంటిస్ట్